రేవులో తొందర పనికిరాదు: బోటు దించేవాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

మే చివర మెమోరియల్ డే సెలవు వచ్చిందంటే అమెరికాలో ఏ సరస్సు దగ్గర చూసినా బోట్లు మోసుకొచ్చే ట్రైలర్ల వరుసే. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నీళ్ల మీద బోటు నడపడం గురించి అడిగినవి తక్కువ. ఎక్కువ భాగం బోటును నీళ్లలోకి దించడం, మళ్లీ పైకి తీయడం గురించే. ఆ అడిగింది సబబే. కొత్తవాళ్ల పరువూ డబ్బూ పోయేది ఎక్కువగా నీళ్లలోకి దిగే ఆ ముప్పై అడుగుల కాంక్రీటు వాలు, అంటే ర్యాంపు మీదే.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 20 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే బోటు) కొన్నాను. లేక్ లూయిస్‌విల్ ర్యాంపు మీదకు వెళ్లేసరికి వెనక నాలుగు బండ్లు చేరతాయి, ఎవరో ఒకరు హారన్ కొడతారు. ఆ కంగారులో ఒకటి చేస్తే ఇంకోటి మర్చిపోతున్నాను. ఏది ముందు, ఏది తర్వాత?
— ఓ పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

మీరు చేస్తున్న పనుల్లో తప్పు లేకపోవచ్చు, చేస్తున్న చోటే తప్పు. ర్యాంపు మీద చేయాల్సిన పనులు నాలుగైదుకు మించవు. మిగతావన్నీ పైన పార్కింగ్ దగ్గరే, వరుసలో చేరకముందే అయిపోవాలి.

పైన ఆగగానే డ్రెయిన్ ప్లగ్, అంటే బోటు వెనక అడుగున నీళ్లు పోయే రంధ్రానికి పెట్టే బిరడా, బిగించండి. మొదటి పని అదే. తర్వాత బోటు వెనక భాగాన్ని ట్రైలర్‌కు కట్టిన పట్టీలు రెండూ విప్పండి. వీటిని మర్చిపోయి నీళ్లలోకి దించితే బోటు తేలదు, ట్రైలర్‌తో పాటే మునుగుతూ వెనక నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. కూలర్, లైఫ్ జాకెట్లు, తిండి సామాను ఇక్కడే ఎక్కించేయాలి. ముందు కొక్కేనికి 20-25 అడుగుల తాడు ఒకటి, వెనక క్లీట్‌కు (తాడు చుట్టే కొక్కేనికి) ఇంకోటి కట్టండి. డాక్ (బోటు కట్టేసే వేదిక) ఏ వైపు ఉందో చూసుకుని ఆ వైపు ఫెండర్లు, అంటే బోటు దానికి గుద్దుకోకుండా కాపాడే మెత్తలు, వేలాడదీయండి. బ్యాటరీ స్విచ్ ఆన్ చేసి, ఇంజన్‌ను పైకీ కిందికీ ఒకసారి కదిపి చూసి, మళ్లీ పైకే ఉంచండి. ఇంజన్ పనిచేస్తుందో లేదో చూద్దామని నీళ్లు లేకుండా పైనే స్టార్ట్ చేయకండి. నీళ్లు లాగే పంపులోని రబ్బరు రెక్కలు పొడిగా తిరిగితే నిమిషంలోపే దెబ్బతింటాయి.

ఇంజన్ బోటు లోపల ఉండే రకమైతే, అంటే ఇన్‌బోర్డ్ గానీ స్టెర్న్‌డ్రైవ్ గానీ అయితే, స్టార్ట్ చేసే ముందు లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్, 4 నిమిషాలు నడవాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి బోటు అడుగునే నిలిచి ఉంటుంది. వరుసలో మీ ముందు ఒక్క బండి ఉండగానే బ్లోయర్ వేసేస్తే ఆ నాలుగు నిమిషాలు ర్యాంపు మీద వృథా కావు.

పైన ముట్టుకోకూడనివి రెండే: వించ్ (పిడి తిప్పి బోటు ముందు భాగాన్ని ట్రైలర్‌కు లాగి పట్టే చుట్టు) పట్టీ, దాని పక్కనున్న సేఫ్టీ చైన్. అవి నీళ్ల దగ్గరకు వెళ్లాకే.

దించే ముందు ఒకసారి దిగి ర్యాంపు చూసి రండి. పాచి ఎక్కడ మొదలైంది, గాలి ఎటు నుంచి కొడుతోంది, నీళ్ల కింద కాంక్రీటు ఎంత దూరం ఉంది అన్నది కారు అద్దంలోంచి కనబడదు. తర్వాత రివర్స్‌లో మెల్లగా వెళ్లి, బోటు వెనక భాగం తేలడం మొదలవగానే ఆపండి. కారును పార్కింగ్ బ్రేకు వేసి నిలబెట్టాక ఒకరు బోటులోకి ఎక్కి, ఇంజన్ కిందికి దించి, నీళ్లు లాగే రంధ్రాలు మునిగాయని చూసుకుని స్టార్ట్ చేయాలి. ఈ స్టార్ట్ చేయడం వించ్ పట్టీ ఉండగానే జరగాలి. ఇంజన్ మొరాయిస్తే కారు ముందుకు లాగి పైకి వచ్చేయవచ్చు. పట్టీ విప్పేశాక మొరాయిస్తే గాలి ఎటు తోస్తే అటు పోయే పడవ మీ చేతిలో ఉంటుంది. ఇంజన్ కుదురుగా నడుస్తోందని తేలాక చైన్, పట్టీ తీసి, ముందు తాడు పట్టుకుని బోటును వెనక్కి వదలండి. తాడును చేతికి చుట్టుకోకండి. అరచేతిలో పట్టుకుంటే అవసరమైనప్పుడు వదిలేయొచ్చు, చుట్టుకుంటే వేళ్లు నలుగుతాయి. బోటును డాక్ చివరికి, మిగతావాళ్ల దారికి అడ్డం రాకుండా కట్టేసి, కారు వెంటనే పైకి తీయండి.

ఇలా చేస్తే ర్యాంపు మీద మీరుండేది రెండు మూడు నిమిషాలే. ఆ కాసేపట్లో హారన్ కొట్టేవాడు ఎలాగూ కొడతాడు, పట్టించుకోకండి. రాత్రిపూట అయితే ఒక మర్యాద పాటించండి: వరుసలో నిలబడినప్పుడు హెడ్‌లైట్లు ఆపి పార్కింగ్ లైట్లు మాత్రం ఉంచండి. మీ వెలుగు రివర్స్ చేస్తున్న వాళ్ల కళ్లలో పడితే వాళ్లకు అద్దాల్లో ఏమీ కనిపించదు.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది టొయోటా సియెనా. 18 అడుగుల బోటు లాగుతుందా? అమ్మేవాళ్లు బోటు బరువు 2,100 పౌండ్లే అంటున్నారు.
— ఓ పాఠకురాలు, కేరీ, నార్త్ కరోలినా

ఆ 2,100లో చాలాసార్లు ఇంజన్ కలవదు, ట్రైలర్ అసలే కలవదు. కూడి చూడండి. బోటు 2,100, బోటు వెనక బయట బిగించే 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్ సుమారు 370, ట్రైలర్ 900, ట్యాంకులో 30 గ్యాలన్ల పెట్రోలు గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 180, బ్యాటరీ, లంగరు, జాకెట్లు, కూలర్ కలిపి 250. మొత్తం 3,800. సియెనా లాగగలిగే హద్దు 3,500. హోండా ఒడిస్సీదీ, టెస్లా మోడల్ వైదీ అదే హద్దు. హైలాండర్‌లో పెట్రోలు రకానికి 5,000, హైబ్రిడ్‌కు 3,500. బోటు కొనకముందు మీ కారు మాన్యువల్‌లో మీ మోడల్‌కు ఏం రాశారో చూడండి. అమ్మేవాడి మాట మీద పోకండి.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. హిచ్ (కారుకు ట్రైలర్ తగిలించే చోటు) మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో సుమారు పదో వంతు, అంటే 3,500 పౌండ్లకే 350 పౌండ్ల చుట్టుపక్కల. అది కారు మోసే బరువులో భాగమే. డ్రైవర్ తలుపు పక్కన ఉండే స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఇంత దాటకూడదని రాసి ఉంటుంది. మనిషికి 150 చొప్పున ఆరుగురు ఎక్కితే 900, దానికి 350 కలిపితే 1,250. సీట్లు ఏడున్నాయని ఏడుగురినీ ఎక్కిస్తే లెక్క తప్పుతుంది. హిచ్ మీద బరువు తగ్గించడానికి బోటులో సామాను వెనక్కి జరపడం అంతకన్నా ప్రమాదం. హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలయ్యేది అప్పుడే.

మీకైతే 16 అడుగుల అల్యూమినియం బోటు సరిపోతుంది. 18 అడుగులదే కావాలంటే ముందు కారు మార్చుకోవాలి.

ప్రశ్న: లేక్ లేనియర్‌లో బోటు దించి డాక్‌కు కట్టి, కారు పార్క్ చేసి వచ్చేసరికి వెనక భాగం కిందికి దిగి ఉంది. ప్లగ్ పెట్టలేదు. ఇలా జరిగితే ముందు ఏం చేయాలి?
— ఓ పాఠకుడు, కమ్మింగ్, జార్జియా

ముందు లోపలున్న అందరికీ లైఫ్ జాకెట్లు, తర్వాత బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంప్ ఆన్. ఆ పంపు మీదే భరోసా పెట్టుకోకండి. అంగుళం రంధ్రం నీటిమట్టానికి అడుగు లోతున ఉంటే నిమిషానికి 12 నుంచి 20 గ్యాలన్ల నీళ్లు లోపలికి వస్తాయి. చిన్న బోట్లలో మామూలుగా ఉండే 500 జీపీహెచ్ (గంటకు 500 గ్యాలన్లు) పంపు బయటికి తోసేది డబ్బా మీది లెక్కలోనే నిమిషానికి 8 గ్యాలన్లు, గొట్టం వంపులన్నీ దాటాక ఇంకా తక్కువ. పది నిమిషాలు గమనించకపోతే వెయ్యి పౌండ్లకు పైగా నీళ్లు చేరిపోతాయి.

ప్లగ్ లోపలి నుంచి బిగించే రకమైతే, చేయి అందితే, అక్కడే పెట్టేయండి. అందకపోతే గుడ్డ ముక్కను గట్టిగా చుట్టి కుక్కినా ప్రవాహం చాలావరకు తగ్గుతుంది. బయటి నుంచి బిగించే ఇత్తడి ప్లగ్ అయితే నడుం లోతు నీళ్లలో నిలబడి, ఇంజన్ ఆపి ఉందని రెండుసార్లు చూసుకుని, చేత్తో తడిమి బిగించవచ్చు.

ట్రైలర్ దగ్గరే ఉంటే దాని మీదకు ఎక్కించి లాగేద్దాం అనిపిస్తుంది. అక్కడే పొరపాటు. వెయ్యి పౌండ్ల నీళ్లతో ఒక్కసారిగా పైకి లాగితే ట్రైలర్ ఇరుసు, టైర్లు, వించ్ పట్టీ అన్నీ హద్దు దాటుతాయి. బోటు వెనక రంధ్రం నీళ్లపైకి తేలేంతవరకే లాగి, ఆపి, బ్రేకు వేసి, నీళ్లు ధార కట్టి పోనివ్వండి. ధార సన్నబడ్డాక ఇంకొంచెం పైకి. వెనక వరుస ఆగాల్సిందే.

ముందుముందు మర్చిపోకుండా ఉండాలంటే బోటు తాళం చెవిని ప్లగ్‌తో కలిపి ఒకే రింగుకు వేయండి. ప్లగ్ తీసి పెట్టనిదే తాళం చెవి చేతికి రాదు. అదే సైజు ప్లగ్ ఇంకోటి గ్లవ్ బాక్సులో ఉండాలి. సైజు మాత్రం సరిచూసుకోండి. మరలున్న ఇత్తడిదీ, మీట తిప్పితే ఉబ్బే రబ్బరుదీ ఒకదాని చోట ఒకటి పనికిరావు.

ప్రశ్న: కారు ట్రైలర్‌తో సహా నీళ్లలోకి జారిపోయిన వీడియోలు చూస్తుంటే మా ఆవిడ బోటు వద్దంటోంది. మాది పికప్ ట్రక్కు. అసలు అలా ఎందుకు జారుతుంది? పార్క్ గేరులో పెట్టినా జారుతుందా?
— ఓ పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జారుతుంది. మీ ఆవిడ భయం అర్థం లేనిదేం కాదు.

ర్యాంపు వాలు సాధారణంగా 12 నుంచి 15 శాతం. 15 శాతం వాలు మీద 4,500 పౌండ్ల బండి, 3,800 పౌండ్ల బోటూ ట్రైలరూ నిలబడితే వాటిని కిందికి లాగే బలం 1,200 పౌండ్లు దాటుతుంది. దాన్ని ఆపేది రోడ్డును పట్టుకున్న టైర్లే. మామూలు పికప్‌లో పార్క్ గేరు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, పార్కింగ్ బ్రేకు కూడా వెనక చక్రాలనే. అంటే రెండు తాళాలూ ఒకే తలుపుకు వేసినట్టు. ఆ వెనక చక్రాలు రెండూ పాచి మీద ఉంటే పొడి కాంక్రీటు మీదున్న ముందు చక్రాలు హాయిగా దొర్లుతాయి. ఈ విషయంలో, వినడానికి వింతగా ఉన్నా, సియెనా లాంటి ముందు చక్రాలు లాగే బండే మెరుగు. దాంట్లో పార్క్ ముందు చక్రాలను, బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటాయి. మీ ట్రక్కులో 4హెచ్ (నాలుగు చక్రాలనూ తిప్పే గేరు) ఉంటే ర్యాంపు మీదకు వెళ్లే ముందు వేయండి. అప్పుడు ముందూ వెనకా ఇరుసులు ఒకదానికొకటి ముడిపడి, పార్క్ నాలుగు చక్రాలనూ ఆపుతుంది.

ఆపే పద్ధతి ఇది. కాలు బ్రేకు మీద ఉంచి, న్యూట్రల్‌లోకి తెచ్చి, పార్కింగ్ బ్రేకు గట్టిగా వేయండి. కాలు మెల్లగా తీసి బండి నిలబడిందో లేదో చూడండి. నిలబడితే మళ్లీ బ్రేకు తొక్కి పార్క్‌లో పెట్టి ఇంజన్ ఆపండి. ముందే పార్క్‌లో పెట్టేస్తే మొత్తం బరువు గేర్‌బాక్సులోని వేలెడంత ఉక్కు ముక్క మీద పడుతుంది. పైకి తీసేటప్పుడు అది వదలక 'ఠంగ్' మనే శబ్దం అక్కడి నుంచే.

ఇంకో కారణం మనిషిది. గేరు గుండ్రటి నాబ్‌గా ఉన్న బండ్లలో పార్క్‌లో పెట్టామనుకుని రివర్స్‌లోనో న్యూట్రల్‌లోనో వదిలి దిగేస్తారు. అక్షరం కంటితో చూసి, కాలు తీసి, బండి కదలడం లేదని తేల్చుకున్నాకే తలుపు తెరవండి. దిగగానే ముందు చక్రాల వెనక అవి దొర్లకుండా రబ్బరు చాక్‌లు (అడ్డు దిమ్మలు) పెట్టండి. వాటికి తాడు కట్టి ట్రైలర్ ముందు భాగానికి ముడివేస్తే పైకి వెళ్లేటప్పుడు అవే వెంట వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం: ర్యాంపు మీద ఉన్నంతసేపు కారులో డ్రైవర్ తప్ప ఎవరూ ఉండకూడదు, కారు సీటులో నిద్రపోతున్న పాప కూడా. డ్రైవర్ కిటికీ పూర్తిగా దించి, సీటు బెల్టు తీసి ఉండాలి. ఖాళీ బండి జారడం మొదలైతే వదిలేయండి. తలుపులోంచి చేయి పెట్టి బ్రేకు అందుకోవాలని, వెనక నిలబడి ఆపాలని చూసేవాళ్లే ప్రాణం మీదకు తెచ్చుకుంటారు. లోపల ఉండగా నీళ్లలో పడితే బెల్టు, కిటికీ, బయటికి, పిల్లలు ముందు, ఈ వరుసలో ఒక్క నిమిషంలోపు బయటపడాలి. తలుపు తెరవాలని ప్రయత్నించకండి, బయటి నీళ్ల ఒత్తిడి తెరవనివ్వదు, తెరుచుకుంటే బండి ఇంకా వేగంగా మునుగుతుంది. 911కి ఫోను బయటికి వచ్చాకే.

ప్రశ్న: రివర్స్ చేస్తుంటే ట్రైలర్ నేననుకున్న వైపు పోదు. పైగా ఒక్కోసారి పార్కింగ్ స్థలంలోనే చక్రాలు బిగుసుకుపోతాయి.
— ఓ పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

ఇవి రెండు వేర్వేరు సంగతులు.

మొదటిదానికి ఒకటే కిటుకు: స్టీరింగ్ కింది భాగాన్ని ఒక చేత్తో పట్టుకోండి. ట్రైలర్ ఎటు పోవాలో చేయి అటే జరపండి. ఎడమకు కావాలంటే ఎడమకు, అంతే. బుర్రలో తిరగేసుకోవాల్సిన పని లేదు. కొద్దిగా తిప్పి, ట్రైలర్ కదలడం చూడగానే స్టీరింగ్ నిటారుగా తెచ్చేయండి. పొట్టి ట్రైలర్ పొడవాటిదానికన్నా త్వరగా మడత పడుతుంది, అందుకే చిన్న బోటువాళ్లు ఎక్కువ అవస్థ పడతారు. మడత పడుతోందనిపిస్తే వెనక్కే సరిచేయాలని చూడకండి, పది అడుగులు ముందుకు వెళ్లి తిన్నగా చేసుకుని మళ్లీ రండి. ఆదివారం ఉదయం ఏదైనా ఖాళీ పార్కింగ్‌లో 12 అడుగుల ఎడంగా రెండు కోన్లు పెట్టుకుని సాధన చేస్తే రెండు గంటల్లో చేయి తిరుగుతుంది. బోటు లేని ట్రైలర్ అద్దాల్లో కనిపించదు. దానికి రెండు వైపులా నిలువుగా తెల్ల పీవీసీ గొట్టాలు బిగించుకోండి.

రెండోది సర్జ్ బ్రేకుల గొడవ. కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకు నెట్టడంతో పడే బ్రేకులు అవి. రివర్స్‌లో కూడా కారు ట్రైలర్‌ను నెడుతుంది కాబట్టి అవి ఆపాలేమో అనుకుని పట్టేస్తాయి. దీన్ని ఆపడానికే కారు నుంచి ట్రైలర్‌కు కరెంటు ఇచ్చే వైరు ప్లగ్‌లో ఐదో పిన్ను ఉంటుంది. రివర్స్ లైటు వెలగగానే దాని ద్వారా కరెంటు వెళ్లి బ్రేకులను విడిపిస్తుంది. మీ కారుకు నాలుగు పిన్నుల సాకెట్టే ఉండి ఉంటుంది, చూడండి. ఐదు పిన్నులది వేయించుకుంటే సరిపోతుంది. పాత బల్బుల ట్రైలర్ అయితే నీళ్లలోకి దించే ముందు ఆ ప్లగ్ తీసేయమంటారు, వేడి బల్బు చల్లటి నీళ్లు తగిలి పగులుతుందని. తీసేశాక బ్రేకు విడిపించే కరెంటు కూడా పోతుంది. అందుకని సమతలం దాటి వాలు మీదకు వచ్చాక తీయండి. అక్కడ ట్రైలరే బరువుతో కిందికి లాగుతుంది కాబట్టి బ్రేకులు పట్టవు.

ప్రశ్న: మా పక్కవాళ్ల బోటు ర్యాంపు మధ్యలో ట్రైలర్ మీంచి జారి కాంక్రీటు మీద పడింది. ఎలా జరుగుతుంది?
— ఓ పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

వించ్ పట్టీని పైనే విప్పేసి ఉంటారు. ట్రైలర్ మీద బోటు ఆనే, కార్పెట్ చుట్టిన దూలాలు తడిగా ఉన్నా, వాటికి సిలికాన్ స్ప్రే కొట్టి ఉన్నా, 15 శాతం వాలు మీద ఒక్కసారి బ్రేకు తొక్కితే చాలు. అలా పడ్డ బోటును ఈడ్చకండి. వెనక ఎవరూ లేకుండా చూసి, పట్టీ మళ్లీ తగిలించి, టో సర్వీసును పిలవడమే మేలు. నీళ్లలో దించే ముందు అడుగు భాగంలో పగుళ్లు, ప్రొపెల్లర్ కింది రెక్క చూడాలి.

వించ్ దగ్గర ఇంకో ప్రమాదం దాని పిడి. వించ్‌ను వెనక్కి తిరగనివ్వని తాళాన్ని మార్చి పట్టీ వదిలినప్పుడు పట్టీ మీద బరువు ఉంటే పిడి గిర్రున తిరిగి మణికట్టును విరగ్గొట్టగలదు. ముందు ఒక అరచుట్టు బిగించి, బరువు చేతిలోకి తీసుకుని, అప్పుడు తాళం మార్చాలి. పట్టీ అంచులు పోగులు లేస్తుంటే మార్చేయండి. ఇరవై ముప్పై డాలర్ల దగ్గర కక్కుర్తి వద్దు.

ప్రశ్న: తీసేటప్పుడు ఇంజన్ వేగం పెంచి బోటును ట్రైలర్ మీదకు ఎక్కించేస్తుంటాం. అలా చేయకూడదని బోర్డు పెట్టారు. నష్టమేంటి?
— ఓ పాఠకుడు, సెయింట్ లూయిస్

ప్రొపెల్లర్ వెనక్కి తోసే నీళ్లు కాంక్రీటు చివర మట్టిని తవ్వేస్తాయి. అక్కడ గొయ్యి, దాని వెనక తవ్విన మట్టి దిబ్బ. వేసవి చివర నీళ్లు తగ్గినప్పుడు ట్రైలర్‌ను ఇంకాస్త వెనక్కి దించాల్సి వస్తుంది, చక్రాలు కాంక్రీటు అంచు దాటి ఆ గొయ్యిలో పడతాయి. లాగితే ఇరుసు అంచుకు తగిలి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కి బలవంతంగా లాగితే ఇరుసు ఊడి చేతికొస్తుంది. బోటును మళ్లీ తేల్చి ట్రైలర్ ఖాళీ చేసి, మెల్లగా తిన్నగా లాగి చూడాలి. రాకపోతే టో.

ట్రైలర్‌ను ఎంత లోతుకు దించాలన్నదే అసలు నేర్పు. దూలాల పొడవులో మూడింట రెండు వంతులు మునిగితే చాలావరకు సరిపోతుంది. ఎక్కువ దించితే బోటు తేలుతూ పక్కకు జరిగి, పైకి లాగాక వంకరగా కూర్చుంటుంది. తక్కువ దించితే వించ్‌తో గింజుకోవాలి. మొదటిసారి కుదిరిన చోట ట్రైలర్ చక్రం మడ్‌గార్డ్ ఎంతవరకు మునిగిందో గుర్తు పెట్టుకోండి. అదే ర్యాంపు మీద అదే కొలత పనికొస్తుంది. వాలు మారితే కొలత మారుతుంది.

ప్రశ్న: మేం రాజమండ్రి నుంచి షార్లెట్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వచ్చాం. ఆదివారాలు లేక్ నార్మన్‌కు తీసుకెళ్తున్నాడు. గోదావరి రేవులు చూసినవాళ్లమే కానీ ఇక్కడ ఎక్కడ నిలబడాలో, ఎలా ఎక్కాలో తెలియక వాడికి అడ్డమవుతున్నామేమో అనిపిస్తోంది.
— ఓ అమ్మ

అడ్డమేం కాదమ్మా. కానీ గోదావరి రేవుకు మెట్లుంటాయి, దీనికి ఉండవు, తేడా అదే. నీటి అంచున కాంక్రీటు మీద ఉండే పాచి కంటికి కనబడదు, కాలు వేస్తే జారుతుంది. అందుకని మీరు ర్యాంపు మీదకే దిగకండి. బోటు నీళ్లలోకి దిగి, డాక్‌కు కట్టేదాకా పైన పార్కింగ్ అంచునే ఉండండి, మనవల చేతులు పట్టుకుని. కారుకూ ట్రైలర్‌కూ మధ్యకు, ట్రైలర్ వెనకకు ఎవరూ వెళ్లకుండా చూసే పని మీరు తీసుకుంటే అబ్బాయికి అంతకన్నా సాయం ఉండదు.

రబ్బరు అడుగున్న, మడమ పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. చీర కట్టుకుంటే కొంగు నడుముకు బిగించండి, వించ్ దగ్గరకు మాత్రం వెళ్లకండి. లైఫ్ జాకెట్ డాక్ మీదకు అడుగు పెట్టకముందే వేసుకోవాలి. దాని సైజు ఛాతీ కొలతను బట్టి చూడాలి. బకిల్స్ పెట్టాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులే. నార్త్ కరోలినాలో 13 ఏళ్ల లోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపు జాకెట్‌తోనే ఉండాలి, అది చట్టం.

ఎక్కేటప్పుడు ఇంజన్ ఆపి ఉండాలి. అబ్బాయి బోటులో ఉండి చేయి అందించాలి. ఒక కాలు డాక్ మీద, ఒక కాలు బోటులో ఉంచి ఆలోచించకండి, ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. బోటు మధ్యకు అడుగు వేసి వెంటనే కూర్చోండి. బోటు డాక్ వైపు కొట్టుకొస్తుంటే చేత్తోనో కాలితోనో ఆపొద్దు, ఆ పని ఫెండర్లది.

ఒక్క మాట గట్టిగా చెప్పండి మనవలకు: కరెంటు సదుపాయమున్న డాక్ దగ్గర నీళ్లలోకి దూకొద్దని. వైరింగ్ లోపముంటే మంచినీటి సరస్సులో కరెంటు నీళ్లలోకి పాకుతుంది. ఈతగాళ్ల ఒళ్లు బిగుసుకుపోయి మునిగిపోతారు, బయటికి గుర్తు కూడా కనబడదు.

ప్రశ్న: లేక్ టెక్సోమా నుంచి తిరిగొస్తుంటే బోటులో నీళ్లున్నాయని అధికారి ఆపారు. వాన నీళ్లో సరస్సు నీళ్లో, అంత పట్టింపు ఎందుకు?
— ఓ పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప వల్ల. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ జీవిని అమెరికా గ్రేట్ లేక్స్‌లో 1988లో గుర్తించారు. టెక్సస్‌లో మొదట దొరికింది మీరు వెళ్లిన టెక్సోమాలోనే, 2009లో. దాని పిల్లలు కంటికి కనిపించవు, చెంబెడు నీళ్లలో ప్రయాణం చేసి ఇంకో సరస్సుకు చేరతాయి. అక్కడ నీటి సరఫరా గొట్టాలను పూడ్చేస్తాయి. అందుకే టెక్సస్‌లో సరస్సు వదిలేటప్పుడు బోటు, లైవ్‌వెల్ (పట్టిన చేపలుంచే తొట్టి), ఇంజన్ అన్నిట్లో నీళ్లు వంచేయడం చట్టం. ప్లగ్ ర్యాంపు పైనే తీసి, ఇంటికి చేరేదాకా తీసే ఉంచండి. ఇంకో సరస్సుకు వెళ్లే ముందు కనీసం వారం ఆరనివ్వండి.

ప్రశ్న: ట్రైలర్ చక్రం బేరింగులు ఏటా పోతున్నాయి. గ్రీజు పెడుతూనే ఉన్నాం.
— ఓ పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

గంటన్నర హైవే మీద వచ్చి నేరుగా నీళ్లలోకి దించుతున్నారా? బేరింగులుండే చక్రం మధ్య భాగం, అంటే హబ్, వేడిగా ఉండి చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీ సీలు అంచులోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. గ్రీజు పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. పైన సామాను సర్దుకునే 10-15 నిమిషాలు హబ్ చల్లారడానికి కూడా పనికొస్తాయి. మెరైన్ గ్రీజే వాడండి. స్ప్రింగుతో గ్రీజును ఒత్తిడిలో ఉంచే మూతలు వేయించినా, ఏడాదికోసారి విప్పి చూసి సీళ్లు మార్చండి. దారిలో ఆగినప్పుడల్లా హబ్ మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి ఆనలేనంత కాలితే అక్కడే ఆగాలి. బేరింగులు, గ్రీజు నింపి సిద్ధంగా ఉంచిన హబ్ ఒకటి, ట్రైలర్ ఇరుసుకు సరిపోయే జాకీ ఒకటి బండిలో ఉండాలి. కారుతో వచ్చే జాకీ చాలా ట్రైలర్లకు సరిపోదు, ఇంటి దగ్గరే ఒకసారి ఎత్తి చూసుకోండి.